పెట్టిన పేరు, చెప్పుకునే పేరు

ప్రపంచపటంలో బేజా అన్న పేరు కోసం వెతికితే ముందు రెండు ఊళ్ళు తగులుతాయి. ఒకటి పోర్చుగల్‌కి దక్షిణాన, అలెంతేజు మైదానాల్లో. రెండోది ట్యునీషియాలో, ట్యూనిస్ నగరానికి పడమరగా ఓ వంద కిలోమీటర్ల దూరంలో, గోధుమ చేల మధ్య. ఆ రెండూ దాటుకుని ఇంకాస్త ఓపిగ్గా వెతికితే ఎర్రసముద్రానికీ నైలునదికీ మధ్య, సుడాన్, ఎరిట్రియా, ఈజిప్టు దేశాల్లో, ఎండిన కొండల్లో ఒంటెలూ గొర్రెలూ మేపుకునే ఒక జాతి కనిపిస్తుంది. వాళ్ళూ బేజాలే. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటికి ఏ సంబంధమూ లేదు. (ఈ మాట వినగానే తెలుగువాడికి 'బేజారు' గుర్తొస్తుంది, హైదరాబాదువాడికి భేజా ఫ్రై గుర్తొస్తుంది. వాటికి కూడా సంబంధం లేదు.)

పోర్చుగల్ బేజా అసలు పేరు పాక్స్ జూలియా. రోమన్లు పెట్టిన పేరు. పాక్స్ అంటే శాంతి. తరవాత అరబ్బులు వచ్చారు. అరబీలో 'ప' లేదు కనక అది 'బ' అయింది, బాజా అయింది, పోర్చుగీసువాళ్ళ నోట్లో బేజా అయింది. రాజమహేంద్రవరం రాజమండ్రి అయినట్టే ననుకోండి. ట్యునీషియా ఊరు రోమన్ల నాటికి వాగా. అప్పట్లోనే పెద్ద ధాన్యపు సంత. జుగుర్తాతో రోమన్ల యుద్ధం జరిగిన రోజుల్లో ఆ ఊరివాళ్ళు పండగ పేరుతో పిలిచి రోమన్ సైనికుల్ని చంపేశారని శాలస్ట్ రాశాడు. అదీ కాలక్రమాన బాజా అయింది. ఈ రెండు ఊళ్ళ పేర్లనీ అరబీలో ఒకేలా రాస్తారు, కానీ ఎర్రసముద్రపు జాతి పేరుని వేరే విధంగా రాస్తారు. అంటే ముగ్గుర్నీ ఒకే గాటన కట్టింది నాలుగు రోమన్ అక్షరాలు. మా వృత్తిలో దీన్ని నేమ్ కొలిజన్ అంటాం. రెండు వేరు వేరు వస్తువులు ఒకే పేరుతో వచ్చి గుద్దుకోవడం. అందుకే డేటాబేస్ క్లాసులో మొదటి వారమే చెబుతారు, మనిషి పేరుని ఎప్పుడూ ప్రైమరీ కీగా వాడకు అని. పేరు మనిషికి గుర్తు మాత్రమే, మనిషి కాదు.

ఈ మాటే నాగసేనుడు మిలిందుడికి రథం ఉదాహరణగా చెప్పాడు. చక్రం రథం కాదు, ఇరుసు రథం కాదు, కాడి రథం కాదు. అన్నీ ఒకచోట చేరితే వాడుకకోసం 'రథం' అంటున్నాం, అంతే అన్నాడు. చదువుకునే రోజుల్లో ఈ వాదం నాకు తెగ నచ్చేది. పాయింటర్ల గురించి రెండువేల ఏళ్ళ కిందటే చెప్పేశాడని మిత్రుల దగ్గర గొప్పలు కూడా పోయాను. ఇప్పుడూ అది తప్పని అనను. కానీ రథానికి తన పేరు ఏమిటో తెలీదు, పిలిస్తే పలకదు. మనుషుల సంగతి అలా కాదు. బేజాల కథ చదువుతున్నకొద్దీ నాకు ఆ రథం ఉదాహరణ చాలడం లేదు.

ఈజిప్టువాళ్ళ పాత రాతల్లో తూర్పు ఎడారిలో ఉండే మెజాయ్ అనే జనం కనిపిస్తారు. వీళ్ళే బేజాల పూర్వీకులని చాలామంది పండితుల అభిప్రాయం. ఎడారి తెలిసినవాళ్ళు కదా, ఫారోలు వాళ్ళని కాపలాకీ గస్తీకీ పెట్టుకున్నారు. కొన్ని వందల ఏళ్ళు గడిచేసరికి ఏమైందంటే, మెజాయ్ అన్న మాటకి జాతి అన్న అర్థం అరిగిపోయి, పోలీసు అన్న అర్థం మిగిలింది. అచ్చమైన ఈజిప్టువాడు కూడా ఆ ఉద్యోగంలో ఉంటే మెజాయే. 1999లో వచ్చిన 'ది మమ్మీ' సినిమాలో నల్లబట్టలు వేసుకుని సమాధుల్ని కాపలా కాసేవాళ్ళకి కూడా ఇదే పేరు పెట్టారు. జాతి పేరు కాస్తా నౌకరీ పేరు అయిపోయిందన్నమాట.

ఇందులో ఆశ్చర్యపోవడానికేం లేదు. మా వీధిలో రాత్రిళ్ళు కర్ర తాటిస్తూ ఈల వేసుకుంటూ తిరిగే మనిషిని మేం గూర్ఖా అనే పిలిచేవాళ్ళం. ఆయనది నేపాల్లో ఏ ఊరో, గూర్ఖా అవునో కాదో, అసలు పేరేమిటో అడిగిన పాపాన ఎవరూ పోలేదు. నెలాఖరున డబ్బులకి వచ్చినప్పుడు "అమ్మా, గూర్ఖా వచ్చాడు" అని లోపలికి కేక వేయడం తప్ప. తాకట్టు కొట్టువాడు ఏ రాష్ట్రంవాడైనా మార్వాడీయే. ఇటుపక్కకొచ్చాక ఆ రుచి మనకీ తెలిసింది లెండి. 2000ల మొదట్లో అమెరికాలో ఎవడి ఉద్యోగమైనా విదేశానికి తరలిపోతే వాడు 'బెంగుళూర్డ్' అయ్యాడనేవారు. ఒక ఊరి పేరు ఏకంగా క్రియాపదం అయి కూర్చుంది.

గ్రీకులూ రోమన్లూ ఎడారి జనాన్ని బ్లెమీలు అన్నారు. వాళ్ళ గురించి ప్లినీ రాసిన ముక్క పిల్లల కథల పుస్తకంలో ఉండాల్సింది: వాళ్ళకి తలకాయలుండవట, కళ్ళూ నోరూ రొమ్ము మీదే ఉంటాయట. ఆ బొమ్మ యూరపు పుస్తకాల్లోనూ పటాల్లోనూ వందల ఏళ్ళు బతికింది. షేక్‌స్పియర్ ఒథెల్లో నోట కూడా అలాంటి మనుషుల ప్రస్తావన వస్తుంది.

ఆ తలకాయలేని జనం ఏం చేస్తున్నారయ్యా అంటే, ఉత్తరాలు రాసుకుంటున్నారు. ఐదో శతాబ్దంలో ఫోనెన్ అనే బ్లెమీల రాజు, పక్కనున్న నొబాదుల రాజు అబుర్నికి రాసిన ఉత్తరం ఒకటి నైలు ఒడ్డున కస్ర్ ఇబ్రిం కోటలో 1976లో దొరికింది. పపైరస్ మీద, గ్రీకులో. మీవాళ్ళు మా భూములు లాక్కున్నారు, తల్మిస్ పట్నం లాక్కున్నారు, తిరిగి ఇచ్చేయండి, గొడవలు లేకుండా ఉందాం అన్నది దాని సారాంశం. ఆ గ్రీకు వ్యాకరణం మహా అధ్వాన్నంగా ఉందని దాన్ని చదివిన పండితులందరూ రాశారు. ఉండదా మరి! రాసేవాడిది గ్రీకు కాదు, చదివేవాడిదీ గ్రీకు కాదు. ఇద్దరికీ పరాయి భాషలో, తన గోడు అవతలివాడికి అర్థమైతే చాలని రాసిన ఉత్తరం. రోజుకి యాభై ఈమెయిళ్ళు ఇంగ్లీషులో రాసే నాలాంటివాడికి ఆ ఫోనెన్ రాజు మీద ఎక్కడలేని ఆపేక్ష కలిగింది.

ఇక అందరికీ తెలిసిన ముచ్చట కిప్లింగ్‌ది. 1880లలో సుడాన్‌లో మహదీ తిరుగుబాటు జరిగినప్పుడు తూర్పున ఉస్మాన్ డిగ్నా వెనక హడెండోవ తెగవాళ్ళు ఇంగ్లీషు సైన్యంతో తలపడ్డారు. హడెండోవలు బేజాల్లో ఒక పెద్ద తెగ. 1884 మార్చిలో తమాయ్ దగ్గర, ఈటెలూ కత్తులూ పట్టుకున్నవాళ్ళు తుపాకుల చదరపు వ్యూహాన్ని కాసేపు చీల్చుకుని లోపలికి పోగలిగారు. ఇంగ్లీషు సిపాయిలకి అది పీడకల. వాళ్ళ గుబురు జుట్టు చూసి 'ఫజ్జీ వజ్జీ' అని పేరు పెట్టారు. 1890లో కిప్లింగ్ అదే పేరుతో పద్యం రాశాడు. అది తిట్టు పద్యం కాదు. ఒక మామూలు సిపాయి, మీ అంత మొనగాళ్ళని ఎక్కడా చూడలేదని శత్రువుకి దణ్ణం పెట్టే పద్యం.

నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న ఇక్కడుంది. తప్పుడు పేరుతో మనసారా మెచ్చుకుంటే అది మెప్పా, అవమానమా? కిప్లింగ్ సిపాయికి దురుద్దేశం లేదు, నిజంగానే గౌరవం ఉంది. కానీ ఆ గౌరవంలో ఒక్క చిన్నపని లేదు: "మీరెవరు?" అని అడగడం. మనం ఎవర్నైనా ద్వేషించాలంటే వాళ్ళ గురించి కాస్తయినా కూపీ లాగుతాం. మెచ్చుకోడానికి ఆ అవసరం కూడా కనపడదు. నాకైతే తిట్టు కంటే ఇలాంటి మెప్పే ఎక్కువ కాలం నిలుస్తుందనిపిస్తుంది. తిట్టుని ఎవరో ఒకరు ఖండిస్తారు, మెప్పుని స్కూలు పుస్తకంలో పెడతారు.

మనకీ ఒకప్పుడు అలాంటి పేరుంది. మద్రాసులో ఇంగ్లీషువాళ్ళు తెలుగుని జెంటూ అనేవారు. పోర్చుగీసులో అన్యమతస్థుణ్ణి జెంటియో అంటారు, దాన్నుంచి వచ్చిన మాట. 1816లో కాంప్‌బెల్ అచ్చువేసిన తెలుగు వ్యాకరణం పేరులోనే 'సాధారణంగా జెంటూ అని పిలవబడే' అని ఉంటుంది. విచిత్రమేమంటే, దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదు, వాటిది వేరే కుటుంబం అని ఎల్లిస్ దొర మొదటిసారి అచ్చులో చెప్పింది ఈ పుస్తకం ముందుమాటలోనే. పేరు పట్టించుకోనివాళ్ళే భాషని అంత శ్రద్ధగా పట్టించుకున్నారు. జెంటూ అన్న మాట తెలుగువాళ్ళకి గుర్తులేదు. ఇప్పుడు జెంటూ అంటే ఒక పెంగ్విన్, ఆ పెంగ్విన్ పేరు పెట్టుకున్న ఒక లినక్స్. బర్మాలో మనవాళ్ళని కోరంగి రేవు పేరున కోరంగీలు అన్నారు, మలయాలో కళింగం పేరు మీద క్లింగులు అన్నారు. చివరి మాట అక్కడ ఇప్పటికీ తిట్టే.

సరే, పేరులో ఏముందిలే అని వదిలేయచ్చు. పేరు ఒక బల్ల మీద కాగితంగా ఉన్నంతవరకూ వదిలేయచ్చు.

కొన్నేళ్ళ కిందట ఒక ఆసుపత్రుల గుంపుకి పాత రికార్డుల్ని కొత్త సిస్టంలోకి ఎక్కించే ప్రాజెక్టులో పనిచేశాను. ప్రతి రోగికీ 'ఇష్టమైన భాష' అని ఒక కాలం ఉంటుంది. దుబాసీని పిలిపించాలంటే దాన్నే చూస్తారు. పాత సిస్టంలో ప్రపంచంలోని భాషలన్నిటికీ వాడే మూడక్షరాల ప్రామాణిక కోడ్‌లున్నాయి. కొత్తదాంట్లో ఓ నలభై భాషల జాబితా, చివర్లో 'ఇతరములు'. జాబితాలో చేరని కోడ్‌లు వరసగా చూస్తుంటే 'బి ఈ జె' తగిలింది. ఏడు రికార్డులు. నేను బేజా అన్న మాట చూడటం అదే మొదలు. మీటింగులో మేనేజరు పుట్టిన దేశం చూశాడు, సుడాన్. "అరబిక్ పెట్టెయ్. సుడాన్‌వాళ్ళకి అరబిక్ వస్తుందిగా" అన్నాడు. ఆయన అన్నది పూర్తిగా అబద్ధం కూడా కాదు. బేజాల్లో చాలామందికి, ముఖ్యంగా పట్నాల్లో తిరిగే మగవాళ్ళకి అరబీ వచ్చు. కొండల్లోంచి ఎప్పుడూ బయటికి రాని ఒక ముసలమ్మకి రావాలని లేదు. పొత్తికడుపులో నొప్పి ఎలా ఉంది, పోటుగా ఉందా మంటగా ఉందా అని అడిగితే చెప్పగలిగేటంత రావడం వేరే సంగతి.

నా వాదన ఏమిటంటే, నలభై భాషల జాబితా ఉండటం తప్పు కాదు. ఏ బల్లకైనా అంచులుంటాయి. కానీ ఒక విలువని ఇంకో విలువగా మార్చినప్పుడు మార్చామన్న సంగతి ఎక్కడో రాసి ఉండాలి. 'ఇతరములు' అని పెట్టినా నాకు అభ్యంతరం లేదు, దాన్ని చూసిన నర్సు "ఏ భాష?" అని అడుగుతుంది. 'అరబిక్' అని పెడితే ఇక ఎవరూ అడగరు. ఖాళీ అబద్ధం చెప్పదు, తప్పుడు జవాబు చెబుతుంది. ఆ మాట అన్నాక కాసేపు చర్చ జరిగి, 'ఇతరములు' పెట్టి పక్కన వ్యాఖ్యలో పాత కోడ్ ఉంచడానికి ఒప్పుకున్నారు. దాని వల్ల ఎవరికైనా మేలు జరిగిందా అంటే, ఆ ఏడుగురి మొహాలు నేను చూడలేదు.

ఆ ప్రాజెక్టులోనే టెస్టింగ్‌లో పోర్ట్ సుడాన్ అతను ఒకడుండేవాడు. ఈ గొడవంతా విని లంచ్‌లో నా పక్కన కూర్చుని, "ఎనిమిదోవాణ్ణి నేను" అన్నాడు నవ్వుతూ. హడెండోవ అట. తరవాత ఇంటికి పిలిచి శొంఠి వేసి కాచిన కాఫీ పోశాడు. దాన్ని జబనా అంటారు, మట్టికూజాలోంచి చిన్న చిన్న గిన్నెల్లోకి వంచుతారు, ఒక్క గిన్నెతో లేవనివ్వరు. అతని నాయనమ్మకి వాళ్ళ భాష తప్ప మరోటి రాదు. ఆ భాషని వాళ్ళు బిధావియేత్ అంటారు. నాన్న రేవులో పనిచేసేవాడు. బడిలో బేజా యాస ఉంటే పిల్లలు నవ్వుతారని, ఇంట్లో అరబీయే మాట్లాడించాడు. "నాకు పది వాక్యాలు వచ్చు. అందులో ఐదు ఒంటెని అదిలించడానికి" అన్నాడు. మరి నువ్వు బేజా ఎలా అయ్యావని నేను అడగలేదు. అతనే చెప్పాడు: "మా తాత ఫలానా, ఆయన బావి ఫలానా లోయలో, ఎవరు ఎక్కడ మేపుకోవాలో మా సిలిఫ్‌లో ఉంది."

సిలిఫ్ అంటే వాళ్ళ కట్టుబాట్ల చట్టం. హత్య జరిగినా, బావి దగ్గర తగాదా అయినా పెద్దలు దాని ప్రకారమే తీరుస్తారు.

ఆ భాష సంగతి కాస్త చెప్పాలి. బిధావియేత్ కుషిటిక్ భాషల్లో ఉత్తరపు కొమ్మ, ఆ కొమ్మ మీద అదొక్కటే. అసలు కుషిటిక్ కుటుంబంలోనే దాన్ని చేర్చకూడదు, వేరుగా పెట్టాలి అని 1980లో హెట్స్‌రాన్ అనే భాషావేత్త వాదించాడు. అందులో క్రియ మనకి మల్లే వాక్యం చివరే వస్తుంది. కొన్ని పాత క్రియలకి మాత్రం నేను, నువ్వు, వాడు అన్న తేడా మాట మొదట్లో చేరుతుంది, అరబీలోనూ బెర్బర్‌లోనూ ఉన్నట్టు. ఆ మూడు దూరపు చుట్టాలూ విడిపోకముందు నాటి గుర్తు అది. వేల ఏళ్ళ నాటి నగ కూతురి పెట్టెలో దొరికినట్టు. సుడాన్‌లో ఈ భాషకి అందరూ ఒప్పుకున్న రాత స్థిరపడలేదు. ఎరిట్రియాలో రోమన్ లిపిలో పాఠాలు రాసుకున్నారు. అక్కడ వీళ్ళని హిదరెబ్ అంటారు, అది మరో పేరు.

ఇంతకీ బేజాలంతా బిధావియేత్ మాట్లాడరు. ఈజిప్టు వైపున్న అబాబ్దా తెగ చాలావరకూ అరబీలోకి మారిపోయింది. ఎరిట్రియా సరిహద్దు బెని ఆమెర్లలో ఎక్కువమందిది టిగ్రే భాష. అయినా వాళ్ళు తమని బేజాలుగానే లెక్కేసుకుంటారు, మిగతావాళ్ళూ లెక్కేస్తారు. నిజానికి 'బేజా' అన్నదీ మొదట్లో బయటివాళ్ళ మాటగానే ఎక్కువ వినబడుతుంది. ఇంటిదగ్గర ఎవరైనా హడెండోవ, బిషారిన్, అమరార్ అనే చెప్పుకుంటారు. 1950ల చివర్లో బేజా కాంగ్రెస్ పుట్టాక, ఖార్టూంతో మాట్లాడటానికి ఒక్క పేరు కావాల్సి వచ్చాక, ఎవరో పెట్టిన పేరునే డాలులా పట్టుకున్నారు. 2005 జనవరిలో పోర్ట్ సుడాన్‌లో ప్రదర్శన చేస్తున్న బేజాల మీద కాల్పులు జరిగి చాలామంది చనిపోయారు. మరుసటేడు ఒప్పందం కుదిరింది. 2021లో అదే రేవుని వాళ్ళు వారాల తరబడి దిగ్బంధం చేస్తే దేశమంతా గోధుమకీ మందులకీ తడుముకుంది. 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలయ్యాక ఖార్టూం ప్రభుత్వమే ఆ రేవుపట్నానికి వచ్చి తలదాచుకుంది.

మన సభల్లో ప్రతి వేదిక మీదా వినబడే మాట ఒకటుంది: భాష పోతే జాతి పోతుంది అని. చప్పట్లు కూడా బాగా పడతాయి. అబాబ్దాల సంగతి తెలిశాక నేనా మాటకి చప్పట్లు కొట్టలేకపోతున్నాను. భాష పోయింది, జాతి పోలేదు. నామరూపాల్లేకుండా పోవడం అంత తేలికేం కాదు.

అయితే అది మనకి ధైర్యం చెప్పే విషయం కూడా కాదు. అబాబ్దావాడు అరబీ మాట్లాడుతూ కూడా అబాబ్దాగా నిలిచాడంటే, వాడి వెనక ఒక లోయ ఉంది, బావి ఉంది, తగువు తీర్చే పెద్దలున్నారు. డల్లాస్ పొలిమేరల్లో నాలుగు పడగ్గదుల ఇల్లు కట్టుకున్న నా వెనక ఏముంది? భూమి లేదు. కట్టుబాట్లు అక్కడే వదిలేసి వచ్చాం, వదిలేసినందుకు చాలాసార్లు హాయిగానే ఉంది. భాష కూడా తీసేస్తే నా మనవడి చేతిలో మిగిలేది బిర్యానీ, సినిమా హీరో, ఇంకా... చెప్పక తప్పదు, కులం. వంశవృక్షం అన్న మాటకి మన దగ్గర ఉన్న అర్థం అదొక్కటే. బేజాకి 'మా తాత ఫలానా' అన్న మాట బావి దగ్గరికి దారి చూపిస్తుంది. మనకి ఏ సంఘం పిక్నిక్‌కి వెళ్ళాలో చెబుతుంది. అందుకని తెలుగు గొప్ప భాష, తీయని భాష అన్న కారణాలు నాకు అక్కర్లేదు. మనల్ని కులం అడక్కుండా ఒకచోట కూర్చోబెట్టగలిగింది ఇక్కడ అదొక్కటే మిగిలింది కనక అది ఉండాలి. ఇది చాలామంది మిత్రులకి నచ్చదని తెలుసు.

మా అమ్మాయి ఈ ఏడాది కాలేజీలకి అప్లికేషన్లు పెట్టింది. ఉమ్మడి అప్లికేషన్‌లో భాషల గురించి ఒక పేజీ ఉంటుంది. ప్రతి భాషకీ ఎదురుగా చిన్న చిన్న గడులు: మొదటి భాష, మాట్లాడతాను, చదువుతాను, రాస్తాను, ఇంట్లో మాట్లాడతారు. తనకి తెలుగు అర్థమవుతుంది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది, వాళ్ళ అమ్మమ్మ ఫోన్లో ఉంటే మాత్రం పది పన్నెండు మాటలు కూడబలుక్కుంటుంది. పంపేముందు ఒకసారి చూడమని లాప్‌టాప్ నా వైపు తిప్పింది. ఇంగ్లీషు కింద తెలుగు అని తనే చేర్చింది. 'ఇంట్లో మాట్లాడతారు' అన్న గడిలో టిక్కు ఉంది. 'మాట్లాడతాను' దగ్గర ఖాళీగా వదిలేసింది.

"దానికి కూడా పెట్టొచ్చుగా" అన్నాను.

"పెడితే నిజమవుతుందా నాన్నా?" అంది. తెలుగులోనే అంది.